చెప్పిన మాటను మళ్లీ అడగవచ్చునా?

వంశధార ఎక్కడ సముద్రంలో కలుస్తుందో మన కళింగపట్నం హాస్టల్లో ఎవరూ చదివి నేర్చుకోనక్కరలేదు. ఎక్కడ పుడుతుందని అడిగితే మాత్రం "ఒడిశా" అని ఊరుకుంటాము. ఈ నది కలహండి జిల్లా కొండల్లో పుడుతుంది. అక్కడి నియమగిరి వాగులు ఇందులో కలుస్తాయి. ఆ కొండ మీద జరిగిన ఒక ఓటు గురించే ఈ వ్యాసం. వార్షికోత్సవ చర్చాపోటీకి మాకిచ్చిన అంశం: ప్రజలు ఓటుతో తేల్చిన విషయాన్ని ప్రభుత్వం మళ్లీ ఓటుకు పెట్టవచ్చునా?

ముందు మాట అర్థం తెలుసుకుందాము. మన జిల్లాలో ఫ్యాక్టరీ వచ్చేముందు టెంటు వేసి, అధికారులు కూర్చుని, ఊరివాళ్లు చెప్పేది వింటారు. దాన్ని ప్రజాభిప్రాయ సేకరణ అంటారు. అక్కడ చెప్పుకోవడం మనది, నిర్ణయం వేరొకరిది. రెఫరెండంలో నిర్ణయమే ప్రజలది. మన రాజ్యాంగంలో దేశమంతటికీ రెఫరెండం జరిపే ఏర్పాటు లేదు. అయినా 1948లో జునాగఢ్‌లో, 1967లో గోవాలో, 1975లో సిక్కింలో ప్రజలను నేరుగా అడిగారు. (పోటీ పరీక్షలకు చదివే అన్నలు ఈ మూడు సంవత్సరాలు గుర్తుంచుకోండి.)

ఇక నియమగిరి. కొండ పైభాగమంతా బాక్సైటు. వాన నీటిని పట్టి ఉంచి ఎండాకాలంలో కూడా ఊటలుగా వదిలేది ఆ పొరే. డోంగ్రియా కోందులకు ఆ కొండే నియమరాజు, అంటే దేవుడు. కింద లంజిగఢ్‌లో వేదాంత సంస్థ అల్యూమినా కర్మాగారం కట్టింది. దానికి పైనున్న బాక్సైటు కావాలి. వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభలే ఈ విషయం తేల్చాలని 2013 ఏప్రిల్ 18న కోర్టు చెప్పింది. ఆ జూలై, ఆగస్టు నెలల్లో రాయగడ జిల్లాలో 7 ఊళ్లు, కలహండిలో 5 ఊళ్లు జిల్లా జడ్జి స్థాయి అధికారుల ఎదుట సభ జరుపుకున్నాయి. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది.

అంతటితో అయిపోలేదు. 2016లో ఒడిశా ప్రభుత్వ గనుల సంస్థ, సభలు మళ్లీ జరపాలని కోర్టును కోరింది. మే 6న కోర్టు ఆ కోరికను తోసిపుచ్చి, అభ్యంతరముంటే తగిన చోటికి వెళ్లమంది.

మళ్లీ అడగడమే తప్పని మేము అనము. డెన్మార్క్ ప్రజలు 1992లో ఐరోపా ఒప్పందాన్ని 50.7 శాతంతో కాదన్నారు. వాళ్లకు ఇబ్బందైన నాలుగు విషయాల్లో మినహాయింపులు ఇచ్చి 1993లో మళ్లీ అడిగితే 56.7 శాతం సరేనన్నారు. అక్కడ అడిగిన ప్రశ్నే మారింది. బ్రిటన్ సంగతి చూడండి. 2016లో 51.9 శాతంతో ఐరోపా కూటమి వదలాలన్నారు. మళ్లీ ఓటు పెట్టాలని ఓడినవాళ్లు ఎంత అడిగినా పెట్టలేదు, 2020 జనవరి 31న బయటికి వచ్చేశారు. "మళ్లీ అడగడం అప్రజాస్వామ్యం" అన్నవాళ్లు ఒకటి మరిచారు. 1975లో ఉంటామని 67 శాతం చెప్పిన దేశమది. 2016 ఓటే రెండోసారి అడగడం! కాకపోతే మధ్యలో 41 ఏళ్లు గడిచాయి.

మన హాస్టల్లోనూ ఒకసారి ఆదివారం సాయంత్రం స్టడీ అవరా, క్రికెట్టా అని చేతులెత్తి తేల్చుకున్నాము. ఓడిన మేము వారం తిరగకుండా మళ్లీ ఓటు పెట్టమన్నాము. "ఈ వారంలో ఏటి మారిందిరా?" అని వార్డెన్ గారు అడిగారు. మా దగ్గర జవాబు లేదు. నియమగిరి విషయంలోనూ మేము అడిగేది అదే ప్రశ్న. కొండ మారిందా, ఊటలు మారాయా? మారకుండా, సరేననే దాకా అడుగుతూ పోతే అది అడగడం కాదు, అలసిపోయేలా చేయడం.

ఇంకో తేడా కూడా ఉంది. చర్చాపోటీలో మా వాదనకు ఇదే ముఖ్యం. బ్రిటన్ కావాలనుకుంటే మళ్లీ కూటమిలో చేరడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొండ విషయంలో "వద్దు" అన్న మాటను వందసార్లు తిరగదోడవచ్చు గాని, "సరే" అని తవ్వేశాక తిరగదోడడానికి కొండ ఉండదు. అందుకే ఆ "వద్దు"ను మార్చమని అడిగేవాడి మీదే రుజువు చూపే బరువు ఎక్కువ ఉండాలి.

ఎదుటి జట్టు మమ్మల్ని ఒక ప్రశ్నతో ఇరుకున పెట్టింది. నియమగిరి చుట్టూ వందకు పైగా ఊళ్లుంటే పన్నెండింటినే ఎందుకు అడిగారు? అందరినీ అడగాలంటే మళ్లీ ఓటు పెట్టాల్సిందే కదా అన్నారు. ఆ పన్నెండు ఊళ్లను ఎంపిక చేసింది ప్రభుత్వమేనని, మిగతా ఊళ్లను కూడా అడగమని అప్పుడే డిమాండు వచ్చిందని మేము చెప్పాము. అప్పుడు వెనక బెంచీ నుంచి కొత్తూరు వైపు నుంచి వచ్చిన తమ్ముడొకడు లేచి, "మరి కింద ఆ నీళ్లు తాగే మనల్ని ఎవరడుగుతారు?" అన్నాడు. గంట కొట్టేశారు. జవాబు మాకింకా దొరకలేదు.