గాజుల నడుమ సబ్బుపొర

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మెట్రిక్ కరెంట్ల పేపర్ ముందేసుకుని రెండో పేజీ దాటలేక బెంగపెట్టుకున్నావని అమ్మ చెప్పింది. పేపర్ పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లు.

6 సెంటీమీటర్ల వ్యాసమున్న లోహపు గాజులు రెండు జతచేసి, సబ్బునీళ్లలో ముంచి మెల్లగా విడదీయి. మధ్యలో అడ్డంగా బిళ్లలాంటి పొర కనిపిస్తే పొడి వేలితో పొడిచెయ్యి. మిగిలిన పొర నడుము సన్నబడ్డ గొట్టంలా సాగుతుంది. ఆయిలర్ 1744లో లెక్కగట్టిన కెటినాయిడ్ అదే. గాజుల ఎడం సుమారు 3.2 సెంటీమీటర్లు దాటాక, గాజుకొక చదునైన బిళ్ల ఉంటేనే మొత్తం వైశాల్యం తక్కువ. అయినా పొర సుమారు 4 సెంటీమీటర్ల దాకా పట్టు విడవదు. ఆపైన తటాలున నడుము తెగి రెండు బిళ్లలైపోతుంది.

ఒక తలం రెండయ్యే ఈ క్షణాన్ని గణితం ఎలా పట్టుకోవాలి?

బెల్జియం భౌతిక శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో చూపు పోయాక కూడా, తనవాళ్ల కళ్లతో సబ్బుపొరలను పరీక్షించి 1873లో గ్రంథం వెలువరించాడు. ఇచ్చిన అంచుకు అతి తక్కువ వైశాల్యంగల తలం ఉంటుందా అన్న ప్రశ్నకు ఆయన పేరే నిలిచింది. 1930 ప్రాంతంలో గణితవేత్తలు డగ్లస్, రాడో విడివిడిగా జవాబిచ్చారు. 1936లో తొలిసారి ఇచ్చిన ఫీల్డ్స్ పతకాల్లో ఒకటి డగ్లస్‌కు దక్కింది. అయితే ఆ జవాబులో తలం ఒకే బిళ్లను సాగదీసి వంచగా వచ్చినదై ఉండాలి. తెగడానికి చోటు లేదు.

ఫెడరర్, ఫ్లెమింగ్ 1960లో ఆ చోటు కల్పించారు. తలం మీద డిఫరెన్షియల్ ఫారాలను ఇంటిగ్రేట్ చేస్తే వచ్చే సంఖ్యలే ఆ తలానికి గుర్తు. అదే కరెంట్. ముక్కలైనా అతుక్కున్నా లెక్క చెడదు. కనిష్ఠ తలం ఉందని నిరూపించడానికి ఆ వెసులుబాటే ఆధారం.

ఫారాలకు నునుపైన నేల కావాలి. దూరం తప్ప మరేమీ తెలియని మెట్రిక్ స్పేస్‌లో అవి ఉండవు. డి జార్జీ ఆలోచనను అందుకుని అంబ్రోసియో, కిర్ష్‌హైమ్ 2000లో ఫారాల స్థానంలో లిప్షిట్జ్ ఫంక్షన్ల జట్లను పెట్టారు. నిన్ను రెండో పేజీలో ఆపేసిన నిర్వచనం ఇదే తల్లీ. దాని వెనకున్న అవసరం తెలిస్తే గుర్తులు వాటంతటవే దారికొస్తాయి.

ఈ ఆదివారం పొర ఎంత దూరంలో తెగిందో స్కేలుతో కొలువు. ఆ కొలత నాకు రాసి పంపి, అప్పుడు రెండో పేజీ తెరువు.

ఇట్లు,
మామయ్య