ముత్యాల కొట్లో అబద్ధం

ప్రశ్న: పత్తర్‌గట్టిలో ముత్యాల కొట్లో సేల్స్‌మన్‌ని. పూత వేసిన గాజుపూసల దండల్ని అసలు ముత్యాలని చెప్పి అమ్మితే కమీషన్ ఎక్కువ. ఇంటి అద్దె, చెల్లి ఫీజు నా మీదే. ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లాలంటే చేతులు వణుకుతున్నాయి. ఏం చేయమంటారు?
– పేరు రాయవద్దన్న పాఠకుడు, పాతబస్తీ

జవాబు: తమ్ముడూ, ఆ వణుకు మంచిదే. మనస్సాక్షి ఇంకా మొద్దుబారలేదన్నమాట.

రేపే ఉద్యోగం మానేయమని నేను చెప్పను. దానియేలు బబులోను రాజు కొలువు వదల్లేదు. రాజు భోజనం మాత్రం వద్దన్నాడు. అదీ గొడవపడి కాదు. పై అధికారిని మర్యాదగా పది రోజుల గడువు అడిగాడు. నువ్వూ మీ సేఠ్‌ని అలాగే అడుగు: "గాజుదాన్ని గాజుదనే చెప్పి అమ్ముతాను, పది రోజులు చూడండి" అని. ముత్యాన్ని పంటికి రాస్తే అసలుది కాస్త గరుకుగా తగులుతుంది, గాజుది నున్నగా జారుతుంది. కొనేవాళ్లకు ఆ తేడా నువ్వే చూపించు. పండక్కి మళ్లీ నీ దగ్గరికే వస్తారు. కొలతల్లో మోసాన్ని ఖురాన్ కూడా గట్టిగా ఖండిస్తుంది, కాబట్టి ఆ బజారులో నీ మాట వింతగా ఏమీ వినిపించదు.

సేఠ్ ఒప్పుకోకపోతే వేరే కొట్టు వెతుక్కో. ఈలోపు మాత్రం ఒక్క అబద్ధమూ ఆడకు. కమీషన్ తగ్గుతుంది, నిజమే. చెల్లి ఫీజు సంగతి సంఘ పెద్దలకు చెప్పు, సిగ్గుపడాల్సింది లేదు.

ఇప్పటికే మోసపోయినవాళ్ల మాటేమిటంటావా? జక్కయ్య నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. నువ్వు బిల్లు పుస్తకంలో ఫోన్ నంబరున్న ఒక్కరితో మొదలుపెట్టు.