మానేసిందా, మాన్పించారా?

ఈ సెమిస్టర్ వ్యాకరణం పేపరులో ప్రేరణార్థక క్రియలు చదివాం. చేయు – చేయించు, తిను – తినిపించు, మాను – మాన్పించు. పని చేసేది ఒకరు, వాళ్ల చేత చేయించేది ఇంకొకరు. 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి క్రియా పరిచ్ఛేదంలో వీటికి సూత్రాలు రాశారు. ఆయన మన మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలోనే తెలుగు పండితులుగా పనిచేశారు. రెండు మార్కుల ప్రశ్న కదా అని మనం త్వరగా చదివేసే ఈ తేడా మీద ఒక మనిషి జీతం, పరువు ఆధారపడడం ఈ ఏడాది మా ఇంట్లో చూశాను. అందుకే ఈ వ్యాసం.

ఉద్యోగం పోవడానికి మన మాటలు

"మానేశాను" అంటే కర్త నేను. "తీసేశారు" అంటే కర్త వాళ్లు. "మాన్పించారు" అన్నప్పుడు మానింది నేనే, కానీ నా వెనక ఇంకొకరున్నారు. మా నాన్నగారిది తమిళం. ఆ భాషలోనూ ఇదే తేడా ఉంది: "నిన్నుట్టా" అంటే తనే నిలిచిపోయింది, "నిరుత్తిట్టాంగ" అంటే వాళ్లు నిలిపేశారు. పేపర్లలో "ఉద్వాసన" అని రాస్తుంటారు. అది పూజ అయ్యాక దేవుణ్ణి సాగనంపే ఉపచారం పేరు. "బర్తరఫ్" ఫారసీ నుంచి వచ్చింది, పక్కకు పెట్టడం అని అర్థం.

వీటన్నిటిలో నాకు ముఖ్యంగా తోచిన మాట "రాజీనామా". "రాజీ" అంటే ఒప్పుకోలు, అరబ్బీ నుంచి ఫారసీ మీదుగా వచ్చింది. "నామా" అంటే పత్రం. రెండూ కలిపితే ఒప్పుదల పత్రం. హిందీలో ఇప్పటికీ రాజీనామా అంటే ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందమే, ఉద్యోగం వదలడాన్ని వాళ్లు ఇస్తీఫా అంటారు. తెలుగు, తమిళం, కన్నడం, మరాఠీలలో మాత్రం ఉద్యోగం వదిలే ఉత్తరానికి ఈ పేరు స్థిరపడింది. ఒప్పుదల లేని కాగితాన్ని రాజీనామా అనవచ్చా? నా ప్రశ్న ఇదే.

అక్క విషయం

మా పెద్దమ్మ కూతురు చెన్నైలో ఒక బట్టల కొట్టులో ఆరేళ్లు సేల్స్‌లో పనిచేసింది. కొత్తగా వచ్చిన ఫ్లోర్ మేనేజర్‌కి అక్కంటే పడలేదు. కస్టమర్ల ముందే అరవడం, ఐదు నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు జీతం కోయడం, చీరలు మడత పెట్టే పని రాత్రి పది దాకా ఈమెకే వేయడం. షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వసతి ఉండాలని తమిళనాడు 2021లో చట్టం సవరించింది. అక్క ఆ మాట చెప్పి ఒక స్టూల్ అడిగింది. ఆ తర్వాత ఆయన ధోరణి ఇంకా ముదిరింది.

ఒకరోజు సాయంత్రం పై గదికి పిలిచి, ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ముందు పెట్టారు. "సొంత కారణాల వల్ల నెలాఖరు నుంచి మానేస్తున్నాను" అని అందులో ఉంది. సంతకం పెట్టకపోతే స్టాకులో చీర తక్కువైందని పోలీసులకు చెప్తామన్నారు. అక్క భయపడి సంతకం పెట్టి వచ్చేసింది. పెద్దమ్మ ఏడుస్తూ, "పోనీలేవే, ఇంకో కొట్టు దొరక్కపోదా" అంది. అక్క మాత్రం, "నేను మానలేదమ్మా, వాళ్లు మాన్పించారు" అని అదే మాట పట్టుకుంది.

చట్టం ఏమంటుంది?

భారత కాంట్రాక్టు చట్టం (1872) 14వ సెక్షన్ స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి గురించి చెబుతుంది. బెదిరింపు వల్లో మోసం వల్లో వచ్చిన సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చింది కాదు. అయితే బెదిరించారని చెప్తే చాలదు, చూపించాలి. అందుకే తేదీలు, మెసేజ్‌లు, పక్కన పనిచేసినవాళ్ల మాట ముఖ్యమవుతాయి.

రాజీనామాని వెనక్కి తీసుకోవచ్చా? అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తి సతీశ్ చంద్ర 1977 మే నెలలో, ఆగస్టు 1 నుంచి తప్పుకుంటానని ఉత్తరం రాశారు. జూలైలో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అమల్లోకి వచ్చే తేదీకి ముందే తీసుకున్నారు కాబట్టి అది చెల్లుతుందని 1978లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్క కూడా రెండో రోజే, "బెదిరిస్తే సంతకం పెట్టాను, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను, పనికి వస్తాను" అని తమిళంలో రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపింది.

అది రాజీనామా కాదని తేలితే తొలగింపు అవుతుంది. తమిళనాడు షాపుల చట్టం (1947) 41వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు విడవకుండా పనిచేసినవాళ్లను సరైన కారణం లేకుండా తీయకూడదు. నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. తప్పు చేశారంటే విచారణ జరిపి నిరూపించాలి. తీసేసినవాళ్లకు అప్పీలు హక్కు ఉంది. "మానేసింది" అని రాయించుకుంటే కొట్టువాళ్లకు ఇవన్నీ తప్పుతాయి. ఆ కాగితం కోసం అంత తొందర ఎందుకో అప్పుడు అర్థమైంది.

మానినా మాన్పించినా రావలసిన డబ్బు వేరే ఉంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం బాకీ జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. అక్క వేతనం 13,000. దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి 7,500, ఆరేళ్లకు 45,000 రూపాయలు.

కార్మిక శాఖకు అర్జీ పెట్టాక జీతం, గ్రాట్యుటీ వచ్చాయి. తొలగింపు మీద అప్పీలు ఇంకా నడుస్తోంది. అక్క ఇప్పుడు వేరే కొట్టులో తక్కువ జీతానికి చేస్తోంది, వాయిదాలకు సెలవు పెట్టి వెళ్తోంది.

మనం గుర్తుంచుకోవలసినవి

1. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టకూడదు. "ఇంట్లో చూపించి రేపు ఇస్తాను" అనాలి.
2. భయంతో పెట్టేస్తే, ఆలస్యం చేయకుండా జరిగింది రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. రసీదు దాచుకోవాలి.
3. అరుపులు, జీతం కోతలు ఏ రోజు జరిగితే ఆ రోజే తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకోవాలి.
4. ఆదాయం ఎంత ఉన్నా, ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. ఫోన్ నంబరు 15100.

వచ్చే ఏడాది డిగ్రీ అయ్యాక మనలో చాలామంది ఉద్యోగాలకు వెళ్తాం. ఎవరైనా టైపు చేసిన కాగితం ముందు పెడితే, అందులో క్రియ ఏమిటో, కర్తగా ఎవరి పేరు రాశారో ముందు చూసుకుందాం.