పప్పు తింటే చీము పడుతుందా?

మీ ఇంట్లో నాన్నగారికో, అమ్మమ్మగారికో చిగుళ్ళకు శస్త్రచికిత్స జరిగిందనుకోండి. "పప్పు పెట్టకండి, చీము పడుతుంది" అని ఎవరో ఒకరు అననే అంటారు. వారం రోజులు వట్టి గంజి, కాఫీలతో సరిపెడతారు. ఇది పొరపాటు. చీము పట్టేది పప్పువల్ల కాదు, బాక్టీరియావల్ల. వాటితో పోరాడి చనిపోయిన తెల్ల రక్తకణాలే చీములో ఎక్కువగా ఉంటాయి.

చిగురు కోసినచోట మొదట రక్తం గడ్డకట్టి, గాయానికి మూతలా నిలుస్తుంది. అది ఊడిరాకూడదు. అందుకే మొదటి రోజు పొగలు కక్కే కాఫీ పనికిరాదు. స్ట్రాతో ఏదీ పీల్చరాదు. మజ్జిగన్నం, చల్లారిన రాగిజావ మంచివి.

తర్వాత ఆ గడ్డ స్థానంలో కొత్త కణజాలం పెరగాలి. దానికి దారాల్లా ఆధారమిచ్చేది కొల్లాజెన్ అనే మాంసకృత్తు. వట్టి గంజితో అది ఎలా తయారవుతుంది? కారం లేకుండా మెత్తగా మెదిపిన పప్పు, పెరుగు, గుడ్డు కావాలి. కొల్లాజెన్ పోగులు గట్టిపడటానికి సి విటమిన్ కూడా కావాలి. అది చాలకనే పూర్వం నెలల తరబడి ఓడల్లో తిరిగే నావికులకు స్కర్వీ వచ్చి, చిగుళ్ళు వాచి రక్తం కారేది. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకావైద్యుడు నారింజ, నిమ్మజాతి పళ్ళు తిన్న రోగులు త్వరగా కోలుకోవటం గమనించాడు.

మరి నిమ్మరసం ఇద్దామా? పచ్చిపుండు భగ్గుమంటుంది! జామపండులో సి విటమిన్ మెండే కాని, గింజలు కుట్లలో ఇరుక్కుంటాయి. బాగా పండిన బొప్పాయి మేలు. ఆవకాయ, జంతికలు, నువ్వుండలు కొన్నాళ్ళు ఆగవలసిందే. పుక్కిలించటం ఎప్పుడు మొదలుపెట్టాలో మాత్రం వైద్యుణ్ణే అడగండి. తొందరపడితే ఆ గడ్డ కాస్తా కొట్టుకుపోతుంది.