సగం వాటా

మథురాకాటీ,
ఖరగ్‌పూర్.

చిరంజీవి మేనల్లుడికి,



నిన్న మీ అమ్మ ఫోన్ చేసి అరగంట ఏకరువు పెట్టింది. ఇంజనెక్కిన రెండేళ్లలో తొమ్మిది కిలోలు పెరిగావట. బీపీ చూసి డాక్టరు మందలించాడట. అదంతా నీతో తిరిగే ఆ నలుగురు అసిస్టెంట్ లోకో పైలట్ల పుణ్యమేనట. "వాళ్ల సావాసం మానెయ్యమని నువ్వే రాయరా అన్నయ్యా, నీ మాటైతే వింటాడు" అంది. ఆ ముక్క నేను రాయను. రాత్రి రెండింటికి కాల్ వస్తే లేచిపోయి, ఊరుగాని ఊళ్లో రన్నింగ్ రూంలో పడుకుని, పండగ పూట కూడా సిగ్నళ్లు చూసుకునేవాడికి తోటివాళ్లు కాక ఇంకెవరున్నారు? వాళ్లని వదులుకుంటే నీ బీపీ ఇంకాస్త ఎక్కుతుంది.

అలాగని మీ అమ్మ మాట కొట్టిపారేసేదీ కాదు. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అని ఒక ఊరుంది. అక్కడ 1971 నుంచి 2003 దాకా 12,067 మంది ఆరోగ్యం నమోదైన కాగితాలు ముందేసుకుని, క్రిస్టాకిస్, ఫౌలర్ అనే ఇద్దరు 2007లో ఒక లెక్క తేల్చారు. స్నేహితుడు బాగా ఒళ్లు చేస్తే మనమూ చేసే అవకాశం 57 శాతం ఎక్కువట. తోడబుట్టినవాళ్లయితే 40, ఆలుమగలైతే 37. ఒకే కుండలో కూడు తినే పెళ్లాం కన్నా దోస్తే గట్టివాడన్నమాట! పక్కింటాయన ఎంత లావెక్కినా మనకేమీ కాదట. లావువాళ్లు లావువాళ్లతోనే జట్టు కడతారేమో, అందులో స్నేహం చేసిందేముందని కొందరు గణాంకాలవాళ్లు పేచీ పెట్టారు. ఆ తగువు వాళ్లు తేల్చుకోనీ. నా సాక్ష్యం మనింట్లోనే ఉంది.

మీ అమ్మమ్మ అడ్డపొగ తాగేది. నీకు తెలీదు కదూ? చుట్ట నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని తాగడం. మన శ్రీకాకుళం వైపు ఆడవాళ్లకి ఒకప్పుడు మామూలే. కొండనాలుకకి ముందు, అంగిట్లో పుండ్లు పడి, అది కేన్సరై పోయినవాళ్లూ ఉన్నారు. కాపరానికి వచ్చిన కొత్తలో అమ్మకి చుట్ట వాసనే గిట్టేది కాదట. ఊడ్పుల్లో తోటి ఆడవాళ్లు గట్టుమీద కూర్చుంటే తనొక్కతే నిలబడాల్సి వచ్చేది. అలా నిలబడలేక నేర్చుకుంది. నాన్నకి ఇక్కడ రైల్వేలో పని దొరికి క్వార్టరుకొచ్చాక చుట్టుపక్కల బెంగాలీ, బీహారీ, అరవవాళ్లు. అడ్డపొగకి తోడు లేదు. ఏ డాక్టరూ చెప్పకుండానే ఏడాదిలో మానేసింది. మానేసి ఊరుకుందా, ఎదురింటి బెంగాలీ ఆవిడ పక్కన చేరి పాన్ మొదలెట్టింది.

ఇక నా సంగతి. ఇది ఎవరికీ చెప్పలేదు.

రైల్వే వర్క్‌షాపులో నాకో జోడీదారు ఉండేవాడు. ఒకే బెంచి, ఒకే వైస్. పది గంటలకి నేను ఎడమ అరచేతిలో ఖైనీ పోసి, గోటితో చిటికెడు సున్నం రాసి, బొటనవేలితో నలిపి, కుడిచేత్తో టపటపా కొట్టి దుమ్ము ఎగరేసేవాణ్ణి. చెయ్యి వాడివైపు చాపేవాణ్ణి. వాడు సగం చిటికెతో తీసి కింది పెదవి వెనక పెట్టుకునేవాడు. పదకొండేళ్లు అంతే. తర్వాత అక్కడే తెల్లమచ్చ లేచింది. డాక్టరు మానమంటే వాడు మానేశాడు. మూడు వారాలు మానేశాడు. ఒక సోమవారం నేను ఏదో ధ్యాసలో నలిపి, అలవాటుగా చెయ్యి చాపాను. వాడు నా మొహం ఒకసారి చూసి తీసుకున్నాడు. వద్దంటే నేను చిన్నబుచ్చుకుంటానని. తర్వాత పెదవి కోసి కుట్టారు. బతికాడు. కానీ ఈల వెయ్యలేడు. అంతకుముందు మా గేటు ముందు ఈలేసి పిలిచేవాడు, ఇప్పుడు సైకిలు బెల్లు కొడతాడు.

నిన్ను చెడగొట్టేది ఎవరా అని మీ అమ్మ ఆరా తీస్తోంది. నేనడిగేది వేరు. నువ్వు ఎవరివైపు చెయ్యి చాపుతున్నావు? ఆ నలుగురిలో "పదండ్రా, బిర్యానీ" అని ముందు అనేది ఎవరు? నీ సంగతి నాకు తెలుసు. నువ్వే అయ్యుంటావు.

నేనూ ఆ జోడీదారూ రిటైరయ్యాక తెల్లవారుజామున స్టేషన్‌కి పోతున్నాం. మన ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్దది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాటేశాయి. మాకు దాంతో పనేముంది, రెండు రౌండ్లు పోయి వస్తే నాలుగు కిలోమీటర్ల పైమాటే. చలికాలం నేను దుప్పట్లోంచి లేచేది గుండె కోసం కాదు. కింద వాడు నిలబడి ఉంటాడని. వాడూ నాకోసమే వస్తాడు. ఇద్దరిలో ఎవరికీ నడవాలని లేదు.

కలిసే చోటు సంగతీ చూడు. ఈ ఊళ్లో 2001 నుంచి 2003 దాకా క్రికెటర్ ధోనీ టీటీఈగా పనిచేశాడు. ఆ రోజుల్లో డ్యూటీ దిగిన కుర్రాళ్ల అడ్డా మైదానమే. (ఆ వయసువాళ్లలో అతనికి బౌలింగ్ వెయ్యనివాడు ఒక్కడూ నాకు తగల్లేదు. అవన్నీ నిజమైతే పాపం అతను టికెట్లెప్పుడు చూశాడో.) ఇప్పుడు ఆ జట్లే ముడీ (మరమరాలు), ఆలూచాప్ బండి దగ్గర కలుస్తున్నాయి. మనుషులు వాళ్లే, మాటలూ అవే, పొట్టలు వేరు.

కాబట్టి జట్టుని మార్చకు, చోటు మార్చు. నైట్ డ్యూటీ దిగిన రోజు ముందు నిద్ర, అందులో బేరం లేదు. లేచాక తిండికి ముందు అరగంట నడక. రేపట్నుంచి డైటింగని చాటింపు వెయ్యకు, నవ్వుతారు. అందరికన్నా బద్ధకస్తుణ్ణి చూసుకుని వాడి మంచం దగ్గర నిలబడు. డ్యూటీకి తీసుకెళ్లే సంచిలో ఉడికించిన శనగలు నలుగురికి సరిపడా పెట్టుకో, నీ ఒక్కడికే పెట్టుకుంటే రెండో రోజుకి విసుగొస్తుంది. 45 ఏళ్లు వచ్చేదాకా నాలుగేళ్లకోసారి మెడికల్ ఉంటుంది. అందులో తేడా వస్తే ఇంజను దిగాలి, కిలోమీటర్ల డబ్బులూ పోతాయి. మిగతా నలుగురికీ అదే మెడికల్.

ఇక్కడ జరిగే మాతా పూజకి సెలవు దొరికితే రా. బూట్లు తెచ్చుకో, మా నడకకి మూడోవాడు కావాలి.

ఈ ఉత్తరం మాత్రం మీ అమ్మకి చూపించకు. వాళ్లమ్మ అడ్డపొగ తాగేదని రాశానంటే రాఖీ పున్నమికి గుమ్మం తొక్కదు.

ఇట్లు,
మీ మావయ్య