ఎనిమిది వరుసలు చూసి తీర్పు చెప్పే డ్రైవరు

ఒక పాఠశాలలో విద్యార్థుల పట్టికను ఎక్సెల్‌లో తయారు చేశారనుకుందాం. అందులో ఒక నిలువు వరుస ప్రవేశ సంఖ్యలది. మొదటి ఇరవై మందివి 101, 102 అంటూ వట్టి అంకెలు. తరువాత చేరినవారివి ఎ-15, ఎ-16 వంటివి. మరో ప్రోగ్రాము ఈ పట్టికను చదివి ఉపకార వేతనాల జాబితా వేసింది. చిత్రం! 'ఎ' గుర్తున్న వారందరి గడులూ ఖాళీ! ప్రవేశ సంఖ్య లేకపోతే వేతనం ఎవరికని ఇస్తారు? పట్టిక తెరిచి చూస్తే సంఖ్యలు భద్రంగానే ఉన్నాయి. మరి మధ్యలో ఏమైనట్లు?

పట్టికకూ ప్రోగ్రాముకూ నడుమ దుబాసీలా పనిచేసే మరో ప్రోగ్రాము ఉంటుంది. దానినే 'డ్రైవరు' అంటారు. ఏ నిలువు వరుసలో అంకెలున్నాయో, ఎక్కడ అక్షరాలున్నాయో చెప్పవలసింది అదే. మామూలు డేటాబేసులో ఈ రకాన్ని ముందే ప్రకటిస్తారు. ఎక్సెల్‌లో అటువంటి ప్రకటన ఉండదు. కనుక డ్రైవరు ఊహించవలసిందే. మైక్రోసాఫ్ట్ వారి 'జెట్' డ్రైవరు మామూలుగా మొదటి 8 అడ్డు వరుసలే చూస్తుంది. వాటిలో ఏ రకం ఎక్కువుంటే నిలువు వరుసంతా ఆ రకమేనని తేలుస్తుంది. దానికి సరిపడని విలువ వస్తే 'నల్', అంటే 'ఏమీ లేదు' అని అందిస్తుంది. హెచ్చరిక కూడా చేయదు!

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తాం. కుండలో ఉన్నదంతా ఒకే బియ్యం కనుక అది చెల్లుతుంది. ఇక్కడ రెండు రకాలు కలిశాయి గదా!

కారణం ఇదేనని నిర్ధారించుకోవడమెలా? పట్టికకు నకలు తీసి, 'ఎ' సంఖ్యలున్న అయిదు వరుసలను అన్నిటికన్నా పైకి మార్చండి. ఇప్పుడు మొదటి ఎనిమిదింటిలో అక్షరాలదే పైచేయి. 'ఎ' సంఖ్యలు కనిపిస్తాయి, వట్టి అంకెలు మాయమవుతాయి! దోషం పట్టికది కాదనీ, ఊహదనీ తేలిపోయింది.

ఇక చికిత్స. డ్రైవరుకిచ్చే సూచనలలో 'ఐమెక్స్=1' అని చేరిస్తే, రెండు రకాలూ కలిసిన నిలువు వరుసను అక్షరాలుగానే చదువుతుంది. అయితే ఆ కలగలుపు అది చూసే 8 వరుసలలోనే కనబడాలి. లేదా ఎక్కువ వరుసలు చూడమని ఆదేశించాలి. అన్నిటికన్నా మేలైనది, సంఖ్యలు వేయకముందే ఆ నిలువు వరుసను 'టెక్స్టు'గా నిర్ణయించడం.

ప్రవేశ సంఖ్యలను ఎవరైనా కూడతారా, తీసివేస్తారా? అవి అంకెలలో రాసిన పేర్లు. పిన్‌కోడూ, ఫోన్ నంబరూ అంతే. మీ తరగతి హాజరు పట్టీలో ఇంకా ఏవి అటువంటివో వెతికి చూడండి.