కంపెనీ జేబు

రెడింగ్,
ఆదివారం రాత్రి

బుజ్జమ్మా,

పొద్దున ఫోన్లో నువ్వు గబగబా అడిగినవాటికి ఊఁ కొట్టాను గానీ సగం సరిగ్గా వినపడలేదు, మిగతా సగం ఫోన్లో తెమిలేది కాదు. అందుకే రాస్తున్నా. నీకొచ్చిన కాంట్రాక్టుకి రోజుకి 400 పౌండ్లంటే మంచి రేటే. ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, ఐఎల్‌ఆర్ కూడా చేతికొచ్చింది. నిన్నమొన్నటి దాకా స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నదానివి, అప్పుడైతే సొంత కంపెనీ పేరున కాంట్రాక్టు చేసే వీలే ఉండేది కాదు.

కంపెనీ పెట్టడానికి ఇంత కంగారు దేనికో నాకర్థం కాలేదు. అది ఒక పూట పని. ముందు ప్రభుత్వ సైటు గవ్ డాట్ యూకేలో పాస్‌పోర్టు చూపించి నువ్వు నువ్వేనని రుజువు చేసుకోవాలి. 2025 నవంబరు నుంచి డైరెక్టర్లందరికీ ఈ నియమం పెట్టారు. తరవాత కంపెనీలని నమోదు చేసే కంపెనీస్ హౌస్ ఫారం నింపి, డబ్బు కడితే అయిపోయింది. కొన్నేళ్ల క్రితం దాకా 12 పౌండ్లుండేది, 2024 మేలో 50 చేశారు, 2026 ఫిబ్రవరి నుంచి 100. షేర్లన్నీ నీవే, డైరెక్టరువీ నువ్వే. పేరు చివర లిమిటెడ్ ఉండాలి. పేరు కోసం మూడు వారాలు చర్చించకు. మనవాళ్ల కంపెనీల్లో దేవుడి పేరైనా ఉంటుంది, పిల్లల పేర్ల మొదటి అక్షరాలు కలిపి పుట్టించిన వింత మాటైనా ఉంటుంది. ఇన్వాయిస్ మీద ఏది ఉన్నా డబ్బు అంతే వస్తుంది. నా కంపెనీ పెట్టినప్పుడు మీ తాతయ్య పంచాంగం చూసి గురువారం ముహూర్తం చెప్పారు. ఫారం ఆ గడియకే పంపాను. నంబరు మాత్రం మర్నాడు నడి రాహుకాలంలో వచ్చింది.

రిజిస్టర్డ్ ఆఫీసుగా ఇంటి అడ్రసు ఇవ్వకు. అది లోకమంతా చూసే రికార్డు. నీ అకౌంటెంటు అడ్రసు వాడుకోనిస్తాడేమో అడుగు.

ఇక నేను కాగితం మీద పెట్టాలనుకున్న మాట. వైట్‌చాపెల్‌లో సాలొమన్ అని బూట్లు కుట్టించి అమ్మే ఆయన ఉండేవాడు. 1892లో తన వ్యాపారాన్ని లిమిటెడ్ కంపెనీగా మార్చాడు. అప్పట్లో ఏడుగురు సభ్యులుండాలి. తనకి 20,001 షేర్లు ఉంచుకుని, భార్యకీ ఐదుగురు పిల్లలకీ తలా ఒకటి ఇచ్చాడు. వ్యాపారం మునిగింది. అప్పులవాళ్లు "కంపెనీ అంటే నువ్వేగా, నువ్వే కట్టు" అన్నారు. కింది కోర్టులు వాళ్ల మాటే విన్నాయి. 1896లో హౌస్ ఆఫ్ లార్డ్స్ మాత్రం కాదంది: చట్టప్రకారం నమోదైన కంపెనీ వేరే మనిషి, దాని అప్పులు సాలొమన్‌వి కావు. ఈ దేశంలో కంపెనీల చట్టమంతా ఆ తీర్పు మీదే నిలబడి ఉంది. ఆ రక్షణ నీకూ ఉంటుంది. కాకపోతే దానికి రెండో వైపుంది. కంపెనీ అప్పు నీది కానప్పుడు, కంపెనీ డబ్బూ నీది కాదు.

ఇది నాకు పుస్తకంలో చదివితే ఎక్కలేదు. 2009లో మీ నాన్న ఇంటికి శ్లాబ్ వేస్తున్నాడు. సిమెంటు దిగింది, మేస్త్రీలు వచ్చి కూర్చున్నారు, డబ్బు చాల్లేదు. నా కంపెనీ ఖాతాలో పుష్కలంగా కనిపిస్తోంది. నా కష్టమే కదా అని 14,000 పౌండ్లు పంపేశాను. ఏడాది చివర అకౌంటెంటు స్టేట్‌మెంట్ మీద ఆ వరసకి పెన్సిల్‌తో గుండ్రంగా సున్నా చుట్టి, "ఇది జీతమా? డివిడెండా?" అని అడిగాడు. "మా తమ్ముడి ఇల్లు" అన్నాను. అతను నవ్వలేదు. రెండూ కాకపోతే అది కంపెనీ నాకిచ్చిన అప్పు. కంపెనీ లెక్కల సంవత్సరం ముగిశాక తొమ్మిది నెలల ఒక్కరోజులోపు నేను తీర్చలేకపోయాను. దాంతో కంపెనీ అప్పటి రేటున 25 శాతం, 3,500 పౌండ్లు పన్ను కట్టింది. అప్పు తీర్చాక తిరిగొచ్చింది గానీ, దానికీ ఏళ్లు పట్టింది. ఇప్పుడా రేటు మూడో వంతు దాటింది. మీ నాన్నకి ఈ సంగతి ఇవాళ్టికీ తెలీదు, చెప్పకు.

కాబట్టి బ్యాంకు ఖాతా కంపెనీ పేరున విడిగా తెరువు. నెలకి 20 రోజులు పనిచేస్తే ఇన్వాయిస్ 8,000. వ్యాట్‌కి నమోదై ఉంటే దాని మీద 1,600 కలిపి 9,600 ఖాతాలో పడుతుంది. ఆ 1,600 నీ కంపెనీది కూడా కాదు, మూడు నెలలకోసారి పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీకి వెళ్లిపోవాల్సింది. వెనకటి పన్నెండు నెలల అమ్మకాలు 90,000 దాటితే వ్యాట్ తప్పదు. నీ రేటుకి 225 రోజులైతే సరిగ్గా 90,000, అంటే నువ్వు గట్టు మీదే నడుస్తుంటావు. నెలనెలా కూడి చూసుకో. మిగిలిన 8,000లో పావు వంతు కార్పొరేషన్ ట్యాక్స్ కోసం వేరే సేవింగ్స్ ఖాతాలోకి తోసెయ్. లాభం 50,000 లోపైతే 19 శాతమే, పైకెళ్లేకొద్దీ పెరుగుతూ 25 దాకా పోతుంది. పక్కన పెట్టింది కాస్త మిగిలితే నష్టం లేదు.

నీ చేతికి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి జీతం. మామూలుగా ఏడాదికి 12,570 పెట్టుకుంటారు, దాని మీద నీకు ఇన్‌కమ్ ట్యాక్స్ పడదు. కానీ 5,000 దాటిన దాని మీద కంపెనీ 15 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ కట్టాలి, ఏడాదికి దాదాపు 1,135 అవుతుంది. ఇంకొకటి డివిడెండు. పన్ను తీసేశాక లాభం మిగిలితేనే ఇవ్వాలి, ఇచ్చినప్పుడల్లా ఒక చిన్న తీర్మానం, ఒక వోచరు రాసి ఫైల్లో పెట్టాలి. ఒక్కదానివే కూర్చుని నీకు నువ్వే మీటింగు పెట్టుకోవడం నవ్వులాటగా ఉంటుంది. అయినా రాయి. డివిడెండులో మొదటి 500కి పన్ను లేదు. ఆపైన, 2026 ఏప్రిల్ నుంచి కింది శ్లాబులో 10.75 శాతం.

ఇంతా చెప్పి, ముందు అడగాల్సింది ఇప్పుడు అడుగుతున్నా. ఈ కాంట్రాక్టు ఐఆర్ 35 లోపలా, బయటా? సాలొమన్ తీర్పు కంపెనీని వేరే మనిషి అంది కదా, 2000 ఏప్రిల్‌లో వచ్చిన ఈ చట్టం ఆ మనిషి వెనక నిలబడ్డ నిన్ను చూస్తుంది. కంపెనీ అనే తెర తీసేస్తే నువ్వు ఆ క్లయింటు దగ్గర మామూలు ఉద్యోగిలాగే ఉన్నావా అని అడుగుతుంది. పని ఎలా చెయ్యాలో, ఎప్పుడు చెయ్యాలో చెప్పేది ఎవరు? నీకు బదులు నీ ఖర్చుతో మరొకరిని పంపే హక్కు నీకుందా? ఈ పని అయ్యాక వాళ్లు ఇంకో పనివ్వాలనీ, నువ్వు చెయ్యాలనీ ఉందా? కాగితం మీద ఏం రాసినా, నిజంగా జరిగేది చూస్తారు.

పూర్వం ఇది మనమే తేల్చుకునేవాళ్లం. 2021 ఏప్రిల్ నుంచి ప్రైవేటు రంగంలో మధ్యస్థ, పెద్ద క్లయింట్లే తేల్చి, కారణాలతో రాసివ్వాలి. ఆ మార్పు వస్తోందనగానే చాలా బ్యాంకులు లిమిటెడ్ కంపెనీలతో పనే మానేశాయి. నీ క్లయింటు చిన్న కంపెనీ అయితే మాత్రం తేల్చే బాధ్యత ఇప్పటికీ నీ కంపెనీదే. లోపల అని వస్తే, డబ్బు చేతికొచ్చేలోపే జీతంలాగే పన్ను కోసేస్తారు. అప్పుడు లిమిటెడ్ పెట్టి ఏడాదికోసారి లెక్కలూ, కన్ఫర్మేషన్ స్టేట్‌మెంటూ దాఖలు చేసే శ్రమ ఎందుకు? నిన్ను ఉద్యోగిగా పెట్టుకుని జీతమిచ్చే అంబ్రెల్లా కంపెనీలో చేరితే సరిపోతుంది. కాకపోతే దాని ఖర్చూ, యజమాని వంతు నేషనల్ ఇన్సూరెన్సూ నీ 400 లోంచే పోతాయి. చేతికి ఎంత వస్తుందో లెక్క కట్టించుకుని రేటు బేరమాడు.

"చేతికి 85 శాతం వస్తుంది, అంతా చట్టబద్ధం" అని ఎవరైనా ఫోన్ చేస్తే మర్యాదగా పెట్టెయ్. జీతానికి బదులు తీర్చక్కర్లేని అప్పు అని ఇచ్చే పథకాలు ఒకప్పుడు మా ఆఫీసుల చుట్టూ తిరిగేవి. నా పక్క సీటులో కూర్చున్న ఒకతను అందులో నాలుగేళ్లున్నాడు. 2019లో ఆ అప్పుల మీద లోన్ చార్జి అనే పన్ను వచ్చింది, పథకం నడిపినవాళ్లు అప్పటికే కనిపించకుండా పోయారు, పన్ను నోటీసు అతని ఇంటికొచ్చింది. ఇల్లు అమ్ముకున్నాడు.

ఏజెన్సీ కాంట్రాక్టు పంపగానే సంతకం పెట్టకుండా నాకు పంపు. బదులు మనిషి క్లాజు దగ్గర క్లయింటు ఒప్పుకోకపోవచ్చు అన్న మాట ఎక్కడ దూర్చారో చూద్దాం. వచ్చే ఆదివారం ఇటు వస్తే ఇంకా మంచిది. మీ పెద్దమ్మ గోంగూర తెప్పించింది. ఆ 2009 స్టేట్‌మెంట్ పెన్సిల్ సున్నాతో సహా ఫైల్లోనే ఉంది, చూపిస్తా.

మీ
పెదనాన్న